దొర్కా చేతిపనియు మన ఇండ్లలోని అల్లికయు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36-42, సామెతలు 31:10-31



యొప్పే పట్టణమందు దొర్కా అను సహోదరి మరణించినప్పుడు ఆ మేడగదిలో ఏమి జరిగెనో లూకా మనకొరకు వ్రాసిపెట్టెను. పేతురు లుద్ద నుండి వచ్చి మేడ ఎక్కగానే విధవరాండ్రు అతని చుట్టు నిలిచి యేడ్చుచు, ఆమె బ్రదికియుండగా తమకు కుట్టి ఇచ్చిన బట్టలను చూపిరి. ఆమె చేసిన ప్రార్థనలను గూర్చి వారు చెప్పినట్లు వ్రాయబడలేదు. ఆమె వేసిన చందాను గూర్చియు వ్రాయబడలేదు. వారు బట్టలు చూపిరి, అంతే. గ్రీకు భాషలో ఆ చూపుట అను క్రియాపదము, తమ సొంతమైన దానిని లేక తమ మీదనున్న దానిని చూపునట్టి రూపములో ఉన్నది. కావున వారు మూటగట్టి తెచ్చిన బట్టలను గాక, తాము తొడుగుకొనియున్న బట్టలనే అంచు పట్టుకొని చూపిరని కొందరు వ్యాఖ్యాతలు తలంచుచున్నారు. మాకును అదియే సరియని తోచుచున్నది. బీద విధవరాలికి పెట్టెలో దాచుకొనుటకు రెండవ బట్ట యెక్కడిది?

ఇంకను గమనింపదగినది కలదు. ఆమె కుట్టెను అని చెప్పుచోట గ్రీకు క్రియ ఒకసారి చేసి ముగించిన పనిని తెలుపునది కాదు. దినదినము చేయుచు వచ్చిన పనిని తెలుపునది. శిష్యుడు అను మాటకు స్త్రీలింగ రూపము క్రొత్త నిబంధన యంతటిలో ఈ ఒక్క చోటనే కనబడుచున్నది. ప్రభువు సమాధియొద్దకు మొదట పోయిన మగ్దలేనే మరియకైనను, అపొల్లోకు మార్గమును విశదపరచిన ప్రిస్కిల్లకైనను లూకా ఆ మాట వాడలేదు. సూది పట్టిన స్త్రీకి వాడెను.

ఇప్పుడు ఆ మేడగది నుండి మన ఇండ్లకు రండి.

విజయవాడకు దిగువ, బందరు రోడ్డు పొడవున, కాలువగట్ల మీదనున్న మన గ్రామములలో అల్లిక పని తెలియని ఇల్లు అరుదు. చలికాలము వచ్చుచున్నదనగా పుట్టబోవు మనుమనికి ఉన్ని టోపీ అల్లు నాయనమ్మ యున్నది. పొట్టిదైపోయిన స్వెట్టరును విప్పి, ఆ ఉన్నిని ఉతికి, మరల ఉండ చుట్టి చిన్నవానికి అల్లు తల్లి యున్నది. వీటన్నిటికన్న ఎక్కువగా కనబడునది లేసు. తెల్లని నూలు దారము, కొన వంగిన చిన్న సూది. దారపు ఉండ నేలమీద దొర్లి మట్టి అంటకుండ దానిని గిన్నెలో పెట్టుకొని, చేతులు సబ్బుతో కడుగుకొని, అరుగుమీద వెలుతురున్న పక్కకు తిరిగి కూర్చుందురు. స్వెట్టరు అల్లికకు రెండు సూదులు కావలెను, కుట్లన్నియు సూదిమీద వరుసగా నిలిచియుండును. లేసునకు ఒక్క సూదియే. ఒక కుట్టు ముడిపడిన పిమ్మట మరియొకటి. మొదట గొలుసు, గొలుసు కొనలు కలిపిన చుట్టు, ఆ చుట్టు మీద రేకులు. రెండు వరుసల వెనుక ఒక కుట్టు తప్పినదని తెలిసిన యెడల అంతవరకు విప్పవలసినదే. ప్రతి కుట్టునకు ఒక ఆత్మీయార్థము చెప్పు ప్రసంగీకులు కలరు. మేము ఆ పనికి పూనుకొనము. కుట్టు కుట్టే, దారము దారమే. అయితే ఆ చేయి ఎవరిది, ఆ చేతికి దక్కుచున్నదేమి, అని అడుగవలసియున్నది.

ఈ విద్య మన కృష్ణా తీరమున పుట్టినది కాదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతమునుండి మన ఇండ్లకు కోడండ్రుగా వచ్చిన సహోదరీలు సారెతో పాటు సూదిని కూడ తెచ్చిరి. విజయవాడలో బయలుదేరి గుడివాడ, భీమవరముల మీదుగా పోవు రైలు నరసాపురముతో ఆగిపోవును. గోదావరి యొడ్డున ఉన్న ఆ ఊరికి 1836లో ఇంగ్లండు నుండి ఓడనెక్కి వచ్చిన బౌడెను, బీరు అను మిషనరీల కాలము నుండియు సువార్త సంబంధమున్నది. లేసు పని ఆ చుట్టుపక్కల 1844 మొదలుకొని యున్నదని చెప్పుదురు. స్కాట్లాండు దేశపు మిషనరీలు దానిని బీద క్రైస్తవ స్త్రీలకు నేర్పిరి. గోదావరి ఎగువన భద్రాచలము దాపున దుమ్ముగూడెములో చర్చి మిషనరీ సొసైటీ వారి పరిచర్యలో కూడ లేసు పని సాగి, దుమ్ముగూడెము లేసు అను పేరు సముద్రము దాటినది. నేర్పినవారి ఉద్దేశము మంచిదే. గంజికి లేని కుటుంబమునకు చేతిలో నాలుగు అణాలు పడవలెననియు, ఆడపిల్ల అక్షరముతో పాటు ఒక పని నేర్చుకొనవలెననియు వారు కోరిరి. ఇరువదవ శతాబ్దారంభమునకే రెండువేల మందికి పైగా స్త్రీలు ఆ పనిలో ఉండిరి. 1899 నాటి కరవును, 1929లో లోకమంతటిని కుదిపిన ఆర్థిక మాంద్యమును ఆ సన్నని దారము తట్టుకొని నిలిచెను. మొదట మన క్రైస్తవ స్త్రీలది మాత్రమేయైన ఆ పనిని తరువాత కాపు కుటుంబముల స్త్రీలును, ఇతర కులముల స్త్రీలును చేపట్టిరి. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. అనగా ఇకమీదట వేరొక చోట చేసిన సరకును ఆ పేరుతో అమ్ముటకు వీలులేదు. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే ఊరికి పేరు వచ్చినది గాని, ఏ బల్లగుడ్డ మీదను దానిని అల్లిన స్త్రీ పేరుండదు.

మరియా మీస్ అను జర్మను దేశపు విద్వాంసురాలు 1970 తరువాతి సంవత్సరములలో నరసాపురము వచ్చి ఈ స్త్రీలతో మాటలాడి, 1982లో వారిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. ఆమె మన సంఘమునకు చెందినదనియైనను, ఆమె తలంపులన్నిటితో మేము ఏకీభవింతుమనియైనను చెప్పుట లేదు. గాని ఆమె కనులతో చూచి వ్రాసిన సంగతి కాదనుటకు వీలులేనిది. ఆ స్త్రీలు వంట, నీళ్లు, పిల్లలు, పశువులు చూచుకొనుచునే, రోజునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. వారికి దక్కినది పొలములో కూలికి పోయిన స్త్రీకి దక్కినదానికన్న తక్కువ. ఆ సరకును ఎగుమతి చేసిన పురుషులు వర్తకులైరి. అల్లిన స్త్రీలు మాత్రము, తీరిక వేళలో ఏదో అల్లుకొను ఇల్లాండ్రని పిలువబడిరి. ఎనిమిది గంటలు కూర్చుండి చేయు పనికి తీరిక పని యని పేరు! ఆ పేరు పెట్టినవారు ఒక్క దినమైనను సూది పట్టియుండరు.

ఇది నరసాపురపు సంగతి కదా, మనకేమి అందురేమో. మేము గృహ సందర్శనమునకు పోయినప్పుడు ఇంటి యజమానిని, "అమ్మాయి ఏమి చేయుచున్నది?" అని అడుగుట కలదు. జవాబు దాదాపు అన్ని ఇండ్లలోను ఒక్కటే. "మా ఆవిడ ఏ పనీ చేయదండి అయ్యగారూ, ఇంట్లోనే ఉంటది. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటది." ఆ మాట చెప్పువేళ ఆమె అక్కడనే గడపలో కూర్చుండి, తల యెత్తక, సూది ఆడించుచునే యుండును. సాయంకాలము ఆ అల్లికకు వచ్చిన డబ్బుతోనే కొట్టులో పంచదార, టీపొడి తెచ్చి మాకు టీ ఇత్తురు.

ఆ యజమాని ఉదయమున ఎక్కడికి పోవుచున్నాడో చూడుడి. మన యౌవనస్థులలో అనేకులు ఉయ్యూరు, కంకిపాడు మీదుగా వచ్చు బస్సెక్కి పటమట దాపున ఆటోనగర్‌లో దిగుచున్నారు. 1966లో ఏర్పడిన ఆ ఆటోనగర్ మన గ్రామముల ఇండ్లలో ఎన్నిటికో అన్నము పెట్టుచున్నది. లారీ బాడీ కట్టువారు, వెల్డింగు చేయువారు, కమాను కట్టలు విప్పి బిగించువారు, టింకరింగు, పెయింటింగు, సీట్లు కుట్టుట, ఏ పనికి ఆ పని వాడు వేరు. అక్కడ రేటు లేని పని లేదు. లారీ షెడ్డులోనికి రాకమునుపే డ్రైవరు అడుగును, "ఎంతవుద్ది మేస్త్రీ?" అని. బోల్టు బిగించుటకు ఇంత, రాత్రి తొమ్మిది దాటినచో ఇంత ఎక్కువ, ఆదివారము రమ్మన్నచో ఇంత. (ఆదివారపు సంగతి వేరుగా మాటలాడవలసియున్నది, ఈ నెల కాదు.) నూనె మరకల చేతులతో వచ్చినను మన సహోదరుడు తన గంటకు వెల తెలిసినవాడు. కూలి తగ్గించి ఇచ్చిన యజమానుని యొద్దకు మరునాడు పోడు.

అదే సహోదరుని ఇంటిలో దారము పంచు మనిషి వచ్చి ఉండలు లెక్కబెట్టి ఇచ్చి పోవుచున్నాడు. డజను ముక్కలకు ఇంత అనును. గంటకు ఇంత అను మాటయే అక్కడ లేదు. ముక్క మాసినదని కొంత తగ్గించును. దారము మిగులవలెనే యనును. ఆ ముక్కలను ఒకదానితో ఒకటి కలుపు అతుకుపని మరియొక స్త్రీకి పోవును. ఆమె ఈమెను ఎరుగదు, ఈమె అల్లిన పువ్వు ఏ గుడ్డలో చేరినదో ఈమెకు తెలియదు. ఎన్ని గంటలు పట్టినదని ఎవరును అడుగలేదు గనుక ఈమెయు లెక్కింపలేదు. కూతురు బడినుండి వచ్చి పుస్తకము తెరువకమునుపే ఒక సూది ఆ పిల్ల చేతికి కూడ వచ్చును. "కాస్త సాయం చెయ్యవే, రేపు ఆయన వస్తాడు." ఆ పిల్ల ఎక్కాల పుస్తకము చూరులోనే ఉండిపోవును. నలువది యేండ్లు దాటునప్పటికి తల్లి కండ్లు సన్నని దారమును పట్టలేవు.

వాక్యము ఈ విషయమున మౌనముగా నున్నదా? సామెతల గ్రంథము కడపటి అధ్యాయము మన వివాహ ఆరాధనలలో తరచు చదువబడుచున్నది. రాత్రి ఆరని దీపమును గూర్చి, చీకటితోనే లేచుటను గూర్చి పెండ్లికుమార్తెకు బోధింతురు. మంచిదే. గాని అదే 18వ వచనములో దీపమునకు ముందు చెప్పబడినదేమి? తన వ్యాపారము లాభకరమైనదని ఆమె యెరుగును. ఆమె లెక్క తెలిసిన స్త్రీ. 24వ వచనములో ఆమె నేసిన నారబట్టలను తానే అమ్ముచున్నది, నడికట్లను వర్తకులకు తానే అప్పగించుచున్నది. కడపటి వచనము పెండ్లికుమార్తెకు చెప్పినది కానేకాదు. ఆమె చేతుల ఫలమును ఆమెకు ఇయ్యుడని, ఊరి గవినియొద్ద ఆమె పనులే ఆమెను పొగడవలెనని, అది వినుచున్న పురుషులకు చెప్పబడినది. పొగడ్తకు ముందు ఫలము ఉన్నదని గమనించితిరా? ఫలమును ఇయ్యక పొగడ్త మాత్రమే ఇచ్చుట మనకు అలవాటు. తల్లుల దినమున పూలదండ వేసి, మరునాడు దారము డబ్బు అడిగి తీసికొని పోవువారిని మేమెరుగుదుము.

కూలివాని కూలి సూర్యుడు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమున మోషే ధర్మము. కోత కోసినవారి బిగబట్టిన కూలి కేకలు వేయుచున్నదనియు, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని చేరినవనియు యాకోబు 5:4లో వ్రాసెను. వరికోత కూలి మన తండ్రుల కాలమున ఎట్లు బిగబట్టబడెనో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ వచనము చదివినప్పుడు మన పెద్దలు బల్లమీద గ్రుద్ది ఆమేన్ అనిరి. కొడవలి కూలి కేక వేసినయెడల సూది కూలి మాత్రము కేక వేయదా? ఆ కేకకు చెవి యొగ్గని ఇల్లు మన ఇల్లే కాకూడదు.

అయితే అల్లిక పనిని మానుమని మేము చెప్పుచున్నామా? ఎంతమాత్రము కాదు. గర్భములో మనలను దేవుడు రూపించిన సంగతి చెప్పుచు 139వ కీర్తనలో దావీదు వాడిన హెబ్రీ మాటలు రెండు. మన తెలుగు బైబిలులో నిర్మించుట అని యున్నది గాని, 13వ వచనములోని మాటకు అల్లుట అను అర్థము కూడ కలదు. 15వ వచనములోని మాట, ప్రత్యక్ష గుడారపు తెరమీద రంగు దారములతో చిత్రపు పని చేసిన వాని పనికి నిర్గమకాండములో వాడబడిన మాటయే. కుమ్మరి చక్రముతో దేవుని పోల్చుట మనకందరికి తెలియును. దారము పట్టిన చేతితో కూడ ఆయన తన్ను పోల్చుకొనుటకు సిగ్గుపడలేదు. ఆ గుడారమునకు నూలు వడికిన స్త్రీలను గూర్చి నిర్గమకాండము 35:25, 26లో చదువుడి. వారు తమ చేతులతో వడికిరి, తామే తెచ్చిరి. ఎవరి హృదయము ప్రేరేపించెనో వారు తెచ్చిరి. ఇక్కడ మన సంఘములకు కూడ ఒక మాట కలదు. ప్రభువు బల్లమీది లేసు గుడ్డ, ప్రసంగ వేదిక మీది లేసు, క్రిస్మసునకు బాలురకు బహుమానములు, ఇవన్నియు "మన ఆడవాళ్లు అల్లి ఇస్తారులే" అను ఒక్క మాటతో తీర్మానమగుచున్నవి. కాదనుటకు వీలున్నప్పుడే అది కానుక. దారము ఖరీదు ఎవరు పెట్టుకొనిరో సంఘ కమిటీ వారు అడిగి తెలిసికొని లెక్కలో వ్రాయవలెను.

ప్రభువు సిలువవేయబడిన దినమున ఆయన అంగీని గూర్చి యోహాను 19:23, 24లో వ్రాసిన మాట మాకు మనస్సున నాటినది. అది కుట్టు లేనిదై పైనుండి క్రిందివరకు ఒకటిగా నేయబడినది. దానిని నేసినది ఎవరో వాక్యము చెప్పలేదు. ఆ తల్లియే నేసెనని పూర్వులు చెప్పుకొనిరి గాని మేము అంత దూరము పోము. ఏదో ఒక చేయి నేసినది. సైనికులు తక్కిన వస్త్రములను నాలుగు భాగములు చేసికొనిరి. ఈ అంగీయొద్దకు వచ్చునప్పటికి ఆగిరి. చింపినయెడల పని పాడగునని తెలిసి చీట్లు వేసికొనిరి. ప్రభువును ఎరుగని ఆ మనుష్యులు, ఆయన దేహమునకు మేకులు కొట్టిన ఆ చేతులు, చేతిపని విలువను మాత్రము ఎరిగియుండెను. రోమా సైనికునికున్న ఆ పాటి తెలివి మన వసారాలలో కూర్చుండు పెద్దలకు లేకపోయిన యెడల ఏమి చెప్పుదుము?

మన స్త్రీల మైత్రి కార్యదర్శిగారితోను సంఘ పెద్దలతోను మాటలాడి ఒక ఏర్పాటు చేసియున్నాము. వచ్చే నెల మొదటి తేదీ మొదలుకొని ముప్పది దినములు, అల్లిక పని చేయు ప్రతి సహోదరి ఒక చిన్న పుస్తకములో సూది పట్టిన వేళ, దించిన వేళ వ్రాయవలెను. ఎన్ని ముక్కలు అల్లితిరి, ఎంత ఇచ్చిరి, ఎంత తగ్గించిరి, ఇవియు వ్రాయవలెను. చదువురాని పెద్దమ్మలు అరగంటకు ఒక గీత చొప్పున గీసినను చాలును. యౌవన సంఘపు పిల్లలు సాయంకాలము వచ్చి లెక్క కట్టెదరు. నెల ముగిసిన తరువాతి ఆదివారము ఆరాధన కాగానే అందరము గుడిలోనే కూర్చుందము. పురుషులును కూర్చుండవలెను. ఆటోనగర్ పోవు సహోదరులకు రేటు కట్టుట బాగుగా తెలియును గనుక మొదట వారి సలహానే అడిగెదము. గంటకు ఎంత పడుచున్నదో తెలిసిన పిమ్మట, దారము ఇచ్చువారితో ఒక్కొక్క ఇల్లు వేరువేరుగా గాక పది ఇండ్లవారు కలిసి మాటలాడవచ్చును. వారు ఒప్పుకొందురో లేదో మేము ముందుగా చెప్పలేము. ఎవరి పుస్తకమును బిగ్గరగా చదువము. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే. బడిపిల్లల చేత అల్లించిన గంటలు మాత్రము వేరుగా వ్రాయుడి. దానిని గూర్చి తల్లిదండ్రులతో విడిగా కూర్చుందుము.

పుస్తకములు, పెన్సిళ్లు సంఘము వారు ఇచ్చెదరు. అవి మా ఇంటివద్ద అమ్మగారి యొద్ద ఉన్నవి. శనివారము సాయంకాలము వచ్చి తీసికొనుడి.